ధర్మసభలో చిన్నవారి మాట

ధర్మాన్ని గురించి మాట్లాడే అధికారం ఎవరిది అన్న ప్రశ్న భారతీయ చింతనలో చాలా పాతది. ఇక్కడ అధికారం అంటే పదవి వల్ల వచ్చే బలం కాదు, ఒక కర్మను ఆచరించడానికీ, ఒక విషయంలో నిర్ణయం చెప్పడానికీ మనిషికి ఉండవలసిన యోగ్యత. ఆ యోగ్యత వయసుతో వస్తుందా, చదువుతో వస్తుందా, పుట్టుకతో వస్తుందా, లేక సాటిమనిషి కష్టాన్ని తన బాధ్యతగా తలకెత్తుకున్నప్పుడు వస్తుందా అన్న విషయంలో శాస్త్రాలు ఒక్క మాట మీద లేవు. వాటికి వ్యాఖ్యానాలు రాసినవారు అసలే ఒక్క మాట మీద లేరు. పంతొమ్మిదో శతాబ్దం చివరి నుంచి ఇరవయ్యో శతాబ్దం తొలి పాతికేళ్ల వరకు తెలుగునాట కొందరు యువకులు, వారి తరవాత ఇంకా బాల్యం దాటని ఒక అమ్మాయి, సంఘం కోసం పనికి దిగి, ఆ పనిలోనే తమ గొంతు తెలుసుకున్నప్పుడు, ఈ పాత ప్రశ్న గ్రంథాల్లోంచి వీధిలోకి వచ్చింది. వారు ఇచ్చిన సమాధానం సిద్ధాంతంగా ఎక్కడా రాసి లేదు. వారి చేతల్లోంచే దాన్ని చదువుకోవాలి.

స్మృతికారుల లెక్కలో ధర్మానికి మూలాలు నాలుగు. మొదటిది శ్రుతి, అంటే వేదం. రెండోది స్మృతి, అంటే వేదార్థాన్ని తలచుకుని ఋషులు కూర్చిన ధర్మగ్రంథాలు. మూడోది సదాచారం, అంటే మంచివారి నడవడి. నాలుగోది ఆత్మతుష్టి, అంటే చేసే పనికి లోపలి మనసు సమ్మతించడం. మనుస్మృతి రెండో అధ్యాయం చెప్పే ఈ వరుసలో నాలుగోదానికి చోటు దొరకడం చిన్న విషయం కాదు. మూడు బయటి ఆధారాల పక్కన, చివరగానైనా సరే, మనిషి అంతఃకరణను కూడా ఒక ఆధారంగా నిలబెట్టిన సంప్రదాయమది. అయితే మేధాతిథి వంటి వ్యాఖ్యాతలు ఆ వెసులుబాటును వెంటనే కుదించారు. వేదం తెలిసిన సజ్జనుల మనస్తుష్టికి మాత్రమే ప్రామాణ్యం ఉంటుందని, అంటే ధర్మాన్ని నిర్ణయించే ఆధారంగా నిలవగల శక్తి దానికే ఉంటుందని వారు తేల్చారు. తక్కినవారి మనసు సమ్మతించినా సమ్మతించకపోయినా అది వారి సొంత ఇష్టానిష్టాల కిందికే వస్తుంది, ధర్మవిచారంలో లెక్కకు రాదు.

వయసు విషయంలో మాత్రం అదే మనుస్మృతి ఎంతో ఉదారంగా మాట్లాడుతుంది. అంగిరసుడి కొడుకైన ఒక బాలుడు తన తండ్రి వరస బంధువులకు వేదం చెబుతూ వారిని బిడ్డలారా అని పిలిచాడనీ, కోపం వచ్చిన ఆ పెద్దలు వెళ్లి దేవతలను అడిగితే, తెలియనివాడే పిల్లవాడనీ, మంత్రం ఇచ్చినవాడే తండ్రి అనీ దేవతలు ఆ బాలుడి పక్షానే తీర్పు చెప్పారనీ అందులో ఒక చిన్న కథ ఉంది. భారతంలోని అష్టావక్రుడి కథ కూడా ఈ కోవలోదే. జనకుడి యజ్ఞశాల వాకిట ద్వారపాలకుడు పిల్లవాడివని అడ్డుపడితే, తల నెరిసినంత మాత్రాన ఎవరూ పెద్దవారు కారని వాదించి అతను లోపలికి వెళ్లాడు, తన తండ్రిని ఓడించిన వంది అనే పండితుణ్ణి వాదంలో గెలిచాడు. ఇవి చదివినవారికి సంప్రదాయం చిన్నవారి మాటకు పెద్దపీట వేసిందనిపిస్తుంది, అది చాలావరకు నిజం కూడా. కానీ ఈ కథలు వయసును పక్కకు తప్పించి ఆ స్థానంలో విద్యను కూర్చోబెట్టాయి. ఆ విద్య అందరికీ అందేది కాదు. అష్టావక్రుడు ద్వారపాలకుణ్ణి ఒప్పించగలిగాడంటే, వేదం నేర్చుకునే హక్కు అతనికి పుట్టుకతోనే ఉండడం దానికి తొలి కారణం. వేదం వినే హక్కు లేని ఇంట్లో పుట్టిన బాలుడికీ, పసుపుకుంకుమలు తీసివేసి వంటింటి మూలన కూర్చోబెట్టిన బాలవితంతువుకూ ఈ కథలు ఇచ్చే ధైర్యం ఏమీ లేదు.

కఠోపనిషత్తులో నచికేతుడి కథ ఇంతకన్న లోతుకు వెళ్తుంది. తండ్రి సర్వస్వం దానం చేస్తానని యజ్ఞం మొదలుపెట్టి, మేత మేయడం, నీళ్లు తాగడం, పాలివ్వడం అన్నీ అయిపోయిన ముసలి ఆవులను దానంగా తోలిస్తుంటే, పక్కన నిలబడి చూస్తున్న ఆ కుమారుడిలో శ్రద్ధ ప్రవేశించిందని ఉపనిషత్తు చెబుతుంది. అతను ఏ ప్రమాణవాక్యాన్నీ ఉదహరించలేదు. తండ్రి చెప్పినదానికీ చేస్తున్నదానికీ పొంతన లేదని చూశాడు, చూసి ఊరుకోలేక నోరు తెరిచాడు. చిన్నవారి గొంతు ఎక్కడ పుడుతుందో ఇంత సరిగ్గా గుర్తించిన గ్రంథం మరొకటి కనిపించదు. అయితే ఆ గొంతు అక్కడి నుంచి యముడి ఇంటికి ఒంటరిగా వెళ్లి, మరణం తరవాత ఏమిటన్న ప్రశ్న వైపు తిరుగుతుంది. ఆవుల సంగతి, దానం పుచ్చుకున్నవారి సంగతి మళ్లీ ప్రస్తావనకు రావు. ఉపనిషత్తు వెతుకుతున్నది ఆత్మను కాబట్టి అందులో తప్పుపట్టవలసింది లేదు. కానీ తొలి అన్యాయం అలాగే మిగిలిపోయింది.

మిగిలిపోయిన ఆ అన్యాయం ముందు నిలబడే చిన్నవాడు సభాపర్వంలో కనిపిస్తాడు. ద్యూతసభలో ద్రౌపది అడిగిన ప్రశ్న, తన్ను తాను ఓడిపోయిన మనిషికి భార్యను ఒడ్డే హక్కు ఎక్కడిదన్నది. భీష్ముడు ధర్మం సూక్ష్మమని చెప్పి తప్పుకున్నాడు, ద్రోణుడు మాట్లాడలేదు, ధృతరాష్ట్రుడు మాట్లాడలేదు. అప్పుడు లేచినవాడు వికర్ణుడు, దుర్యోధనుడి తమ్ముల్లో ఒకడు. పెద్దలు మాట్లాడరు కాబట్టి తానే చెబుతున్నానని, జూదం వ్యసనమని, వ్యసనంలో చేసిన పని చెల్లదని, ధర్మరాజు ముందే ఓడిపోయాడు కాబట్టి పందెం నిలవదని, ద్రౌపది ఓడిపోలేదని అతను వరసగా హేతువులు చూపాడు. సభ మెచ్చుకుంది కూడా. వెంటనే కర్ణుడు లేచి, పిల్లవాడివై ఉండి పెద్దల సభలో పెద్దమాటలు ఆడుతున్నావనీ, ధర్మం నీకేం తెలుసనీ గద్దించాడు. తరవాత జరిగింది అందరికీ తెలిసినదే. తప్పు జరుగుతున్న సభలో ఖండించని సభ్యులు ఆ పాపంలో పాలు పంచుకుంటారని విదురుడు హెచ్చరించినా ఎవరూ కదలలేదు.

ఇక్కడ గమనించవలసింది వికర్ణుడి వాదం ఓడిపోలేదన్న విషయం. దానికి కర్ణుడు బదులు చెప్పినా, ముందుగా ఎత్తి చూపింది అతని వయసునే. అయినా ఆ మాట వల్ల సభలో ఏదీ మారలేదు. అతని వెనక ఎవరూ లేరు. తన మాటకు తగిన పని ఏదీ అతనూ చేయలేదు. యుద్ధం వచ్చినప్పుడు అన్న పక్షానే నిలిచి భీముడి చేతిలో చనిపోయాడు, చంపిన భీముడే అతని కోసం బాధపడ్డాడు. ఒంటరి అంతఃకరణ ఎంత సత్యమైనదైనా సంఘం లేనిదే గొంతు కాలేదని ఈ పాత్ర చెబుతున్నంత స్పష్టంగా మరేదీ చెప్పదు. సభాపర్వాన్ని నన్నయ పదకొండో శతాబ్దంలో రాజరాజనరేంద్రుడి ఆశ్రయంలో తెలుగు చేసిన ఊరు రాజమహేంద్రవరం. అక్కడే ఎనిమిది వందల ఏళ్ల తరవాత, పెద్దలు మౌనంగా ఉన్న మరో విషయంలో, చిన్నవారు ఒక్కరుగా కాక గుంపుగా లేచారు.

కందుకూరి వీరేశలింగం 1848లో పుట్టినవాడు, రాజమండ్రి కళాశాలలో తెలుగు పండితుడు. 1874లో వివేకవర్ధని పత్రికను మొదలుపెట్టి, 1878లో సంఘసంస్కరణ సమాజాన్ని ఏర్పాటు చేసి, 1879లో వితంతు వివాహం శాస్త్రసమ్మతమేనని బహిరంగంగా ఉపన్యసించాడు. అప్పటికి 1856 నాటి చట్టం హిందూ వితంతువుల పునర్వివాహాన్ని చెల్లుబాటు చేసి రెండు దశాబ్దాలు దాటింది, కానీ తెలుగు జిల్లాల అగ్రవర్ణాల్లో ఆ చట్టాన్ని వాడుకోవడానికి సాహసించినవారు లేరు. బెంగాల్లో ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు చేసినట్టే వీరేశలింగం కూడా పరాశరస్మృతిని ఆధారం చేసుకున్నాడు. కలియుగానికి వర్తించేదని పేరున్న ఆ స్మృతి, భర్త చనిపోవడంతో సహా ఐదు ఆపదల్లో స్త్రీకి మరో భర్తను అనుమతిస్తుంది. ఆ అనుమతి పెళ్లి నిశ్చయమై ఇంకా జరగని కన్యకు మాత్రమేనని ప్రతిపక్షుల వ్యాఖ్య. ఇరుపక్షాల వారూ ఉపన్యాసాలు ఇచ్చారు, పత్రికల్లో రాశారు, పండితులను కూడగట్టారు. శాస్త్రచర్చ అంతవరకే పోగలిగింది. రెండు వ్యాఖ్యానాల్లో ఏది నిజమన్నది శాస్త్రంలోనే తేలదు, ఎందుకంటే రెండు పక్షాలూ అంగీకరించే న్యాయమూర్తి శాస్త్రానికి బయట ఎవరూ లేరు.

విషయం ఒక కొలిక్కి వచ్చింది 1881 డిసెంబరు 11న, పనిలో. గౌరమ్మ అనే బాలవితంతువుకూ గోగులపాటి శ్రీరాములుకూ వీరేశలింగం ఇంట్లో పెళ్లి జరిగింది. నాలుగు రోజుల్లోనే రెండో పెళ్లి కూడా జరిగింది. డబ్బు సాయం కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్యది. ఊరు బహిష్కరించడంతో వంటవారు రాలేదు, నీళ్లు మోసేవారు రాలేదు. వీరేశలింగం భార్య రాజ్యలక్ష్మమ్మ స్వయంగా గోదావరి నీళ్లు మోసి వంట చేసింది. అల్లరిమూకలు వచ్చిపడతాయన్న భయం ఉంటే పెళ్లి ఇంటికి కాపలాగా నిలిచింది, ఊరేగింపుకు అండగా నడిచింది ఆయన విద్యార్థులు. వారిలో బసవరాజు గవర్రాజు వంటివారు ఆ తరవాత కూడా ఉద్యమానికి ఊపిరిగా ఉన్నారు. ఉద్యోగాలు, పిల్లల పెళ్లిళ్లు, ఇంట్లో జరగవలసిన తద్దినాలు ఉన్న గృహస్థులు సానుభూతి చూపి దూరంగా ఉన్న చోట, ఇంకా దేనికీ కట్టుబడని విద్యార్థులు ముందుకు వచ్చారు. కట్టుబాట్లు తక్కువ కాబట్టి వారికది తేలికన్న మాట ఒకటుంది. అది సగమే నిజం, ఎందుకంటే వారి తిండి, చదువు, పెళ్లి అన్నీ తల్లిదండ్రుల చేతుల్లోనే ఉన్నాయి.

పీఠాధిపతి దగ్గర నుంచి బహిష్కార శ్రీముఖం, అంటే మఠం ముద్రతో వచ్చే ఆజ్ఞాపత్రం, రాగానే ఆ సంగతి బయటపడింది. పెళ్లికి వెళ్లినవారిలో పలువురు ఇంటివారి ఒత్తిడికి తలవంచి ప్రాయశ్చిత్తం చేసుకున్నారు. ప్రాయశ్చిత్తం అంటే చేసిన తప్పును ఒప్పుకుని, విధించిన కర్మకాండతో దాన్ని కడుక్కోవడం. దీన్ని పిరికితనమని కొట్టిపారేయడం న్యాయం కాదు. ఒక నమ్మకం ఎంత ఖరీదైనదో మొదటిసారి తెలిసిన చోట కొందరు వెనక్కి తగ్గారు, కొందరు నిలిచారు, మరికొందరు ప్రాయశ్చిత్తం చేసుకుని కూడా తరవాతి పెళ్లిళ్లకు తోడ్పడి ఉంటారన్నది ఊహకు అందని సంగతి కాదు. తత్త్వదృష్టితో చూస్తే అసలు ప్రశ్న ఇది: ఆత్మతుష్టి నిజమైనదో, కేవలం ఇష్టమో తేల్చే గీటురాయి ఏది? మేధాతిథి దాన్ని వేదపాండిత్యంలో వెతికాడు. రాజమండ్రి అనుభవం చూపిన గీటురాయి వేరు. మనసు సమ్మతించిన పనికి వెల కట్టవలసి వచ్చినప్పుడు ఆ సమ్మతి నిలుస్తుందా లేదా అన్నదే ఆ పరీక్ష. దీనికి పాండిత్యం అక్కర లేదు, కాబట్టి ఇది ఎవరినీ వాకిట్లోనే ఆపదు.

ఈ అభిప్రాయానికి మీమాంసాశాస్త్రంలోనే అనుకోని బలం దొరుకుతుంది. వేదవాక్యాల అర్థనిర్ణయం కోసం పుట్టిన ఆ దర్శనంలో ప్రభాకరుడి శాఖ, పిల్లలు భాషను ఎలా నేర్చుకుంటారన్న ప్రశ్నను చాలా శ్రద్ధగా పట్టించుకుంది. ఒక పెద్దవాడు ఆవును తీసుకురమ్మంటాడు, మరొక పెద్దవాడు వెళ్లి ఆవును తోలుకొస్తాడు. పక్కన ఉన్న పిల్లవాడు ఆ మాటనూ ఆ పనినీ కలిపి చూసి అర్థం గ్రహిస్తాడు. దీన్ని వృద్ధవ్యవహారం, అంటే పెద్దల వాడుక అన్నారు. వారి దృష్టిలో మాటకు అర్థం ముందు తెలిసి తరవాత పని జరగదు, పనితో ముడిపడే అర్థం తెలుస్తుంది. భాషకు వర్తించే ఈ సూత్రం ధర్మానికి కూడా వర్తిస్తుందనుకుంటే, దయ, న్యాయం, సమానత్వం వంటి మాటలకు అర్థం ఉపన్యాసాల్లో దొరకదు, ఎవరో ఒకరి కోసం ఏదో ఒకటి చేసే చోట దొరుకుతుంది. పెద్దలు దయ అంటూనే తలగొరిగించిన పన్నెండేళ్ల పిల్ల మీద దాన్ని చూపించలేని లోకంలో పెరిగిన యువకుడు, ఆ మాటకు అర్థం పెద్దల వాడుకలో దొరక్క, తానే కొత్త వాడుకను సృష్టించవలసి వచ్చింది. కాపలా కాసిన రాత్రి ఆ విద్యార్థులు నేర్చుకున్నది అదే. సంఘసేవ వల్ల యువత గొంతు బయటపడుతుందని వాడుకగా అంటారు. లోపల సిద్ధంగా ఉన్నదేదో బయటికి వచ్చిందన్నట్టు ఉంటుంది ఆ మాట. నిజానికి ఆ గొంతు అంతకుముందు లేదు. ఆ పనిలోనే తయారైంది.

పని లేకుండా మాట మాత్రమే నేర్చుకుంటే ఏమవుతుందో గురజాడ అప్పారావు తన కన్యాశుల్కంలో చూపించాడు. 1892లో మొదటిసారి విజయనగరంలో ప్రదర్శించిన ఆ నాటకంలో గిరీశానికి సంస్కరణోద్యమం మాటలన్నీ నోటికి వచ్చు. వితంతు వివాహం మీద గంటలకొద్దీ మాట్లాడగలడు, శిష్యుడు వెంకటేశానికి వాటిని వల్లె వేయించగలడు. బాలవితంతువైన బుచ్చమ్మ దుఃఖం అతనికి ఒక అవకాశం మాత్రమే. వీరేశలింగం తొలి పెళ్లికీ ఈ నాటకానికీ మధ్య పదకొండేళ్లే గడిచాయి. అంత తక్కువ కాలంలో ఉద్యమభాష ఒక అలంకారంగా మారిపోగలదని గురజాడ గుర్తించాడు. ఇది సంస్కరణ మీద వెక్కిరింత అనుకునేవారు పొరపడుతున్నారు. సంస్కరణను గాఢంగా కోరుకున్న మనిషి, దానికి పట్టగల చీడను ముందుగా పసిగట్టి రాసిన నాటకమది. ఆ నాటకంలో తెలివీ, మనసూ, నిజాయితీ గల గొంతు ఎవరిదని వెతికితే, వేశ్య అయిన మధురవాణిది కావడం కూడా కాకతాళీయం కాదు.

అక్కడే మరింత కష్టమైన ప్రశ్న ఎదురవుతుంది. 1881 డిసెంబరులో విద్యార్థులు గొంతు విప్పారు, పండితులు విప్పారు, పీఠాధిపతులు విప్పారు. గౌరమ్మ ఏమనుకుంది? వీరేశలింగం స్వీయచరిత్ర ఉంది, పత్రికల వాదోపవాదాలు ఉన్నాయి, ఆమె మాట మాత్రం చరిత్రకు అందలేదు. ఇతరుల బాధ మీద నిలబడి సంపాదించిన గొంతు, ఆ బాధితుల గొంతును కప్పివేసే ప్రమాదం ప్రతి ఉద్యమంలోనూ ఉంది. ఆ తరవాతి దశాబ్దాల్లో రఘుపతి వెంకటరత్నం నాయుడు నడిపిన సంఘపవిత్రతా ఉద్యమంలో ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. బ్రహ్మసమాజ నిష్ఠ గల ఆ మహనీయుడు కాకినాడ పిఠాపురం రాజా కళాశాల ప్రిన్సిపాలుగా ఒక తరం యువకుల శీలాన్ని తీర్చిదిద్దాడు, భోగం మేళాలకు వెళ్లబోమని వారిచేత ప్రతిజ్ఞ పట్టించాడు. ఆ యువకులకు దానివల్ల ఆత్మగౌరవం వచ్చింది. కానీ ఆ మేళాల్లో ఆడిపాడి బతికే స్త్రీలు ఆ ప్రతిజ్ఞలో దూరంగా ఉంచవలసిన కల్మషంగానే మిగిలారు. బుచ్చమ్మకు దారి చూపిన సౌజన్యారావు పంతులు పాత్రలో కూడా గురజాడ ఈ బిగువునే చూపించి, మధురవాణి చేత దాన్ని సడలింపజేశాడు.

బాధితులే తమ గొంతు తాము తయారు చేసుకున్నప్పుడు అధికారం అన్న ప్రశ్న రూపం మారిపోతుంది. హైదరాబాదులో 1888లో మాల కుటుంబంలో పుట్టిన భాగ్యరెడ్డి వర్మ 1906లో జగన్మిత్ర మండలిని స్థాపించేనాటికి అతనికి పద్దెనిమిదేళ్లు. అతను ఎంచుకున్న సాధనాల్లో ఒకటి హరికథ, అంటే ఒక్కడే నిలబడి పాటతో, మాటతో, అభినయంతో పురాణకథ చెప్పే కళ. పురాణం వినే చోటే లేదన్న వాడల్లో ఆ కళతోనే జనాన్ని కూర్చోబెట్టి, తాగుడు, జంతుబలి, ఆడపిల్లలను దేవుడి పేరు మీద వదిలేయడం వంటి ఆచారాల గురించి మాట్లాడాడు. బడులు పెట్టించాడు. 1911లో మన్యసంఘం ఏర్పరిచాడు. 1917 నవంబరులో బెజవాడలో పంచమ మహాసభగా తలపెట్టిన సమావేశానికి అధ్యక్షుడుగా వచ్చి, నాలుగు వర్ణాలే చెప్పిన శాస్త్రాల్లో ఐదో వర్ణమన్నది ఎక్కడిదని ప్రశ్నించి, ఈ నేలకు మొదటివారు కాబట్టి ఆది ఆంధ్రులమని చెప్పుకోవాలన్నాడు. సభ ఆ పేరును స్వీకరించింది. అప్పటికి అతని వయసు ముప్పై దాటలేదు.

ఈ వాదంలోని నేర్పు గమనించదగినది. వేదాధికారం లేదని చెప్పే శాస్త్రాన్ని అతను బతిమాలలేదు, శాస్త్రం నుంచి పారిపోనూ లేదు. దాని లెక్కలోనే తమను వేరు చేసే చోటు లేదని నిరూపించాడు. అయినా అంతటితో ఆగలేదు. బౌద్ధం వైపు అతని మనసు ముందునుంచీ మొగ్గి ఉంది. హైదరాబాదులో బుద్ధజయంతిని జరిపిన తొలితరం వారిలో అతనొకడు. బౌద్ధంలో ధర్మాధికారం సమస్యకు వేరే జవాబుంది. కాలాములనే జనానికి బుద్ధుడు చేసిన ఉపదేశంలో, పరంపరగా వచ్చిందనిగానీ, గ్రంథంలో ఉందనిగానీ, చెప్పినవాడు గురువనిగానీ దేన్నీ అంగీకరించవద్దనీ, ఆచరిస్తే హాని కలిగించేదాన్ని విడవాలనీ, మేలు చేసేదాన్ని పట్టుకోవాలనీ ఉంది. శ్రుతి, స్మృతి, సదాచారాలు మూడింటినీ ఒక్కసారిగా పరీక్షకు నిలబెట్టే ఈ దృష్టిలో వయసు ప్రసక్తి లేదు, పుట్టుక ప్రసక్తి అంతకన్నా లేదు. హాని అనుభవించినవాడే అందరికన్న ముందు మాట్లాడగల సాక్షి. తరతరాలుగా ఊరి బయట ఉంచిన జనం నుంచి వచ్చిన యువకుడికి తన అనుభవమే ప్రమాణం కాగలదన్న ధైర్యాన్ని ఇంత సూటిగా ఇచ్చిన బోధ మరొకటి అతనికి దొరికి ఉండదు.

దుర్గాబాయి ఉదాహరణ, ఇతరుల కోసం లేచిన గొంతుకూ బాధితులే తయారు చేసుకున్న గొంతుకూ మధ్యలో నిలుస్తుంది. 1909లో రాజమండ్రిలో పుట్టిన ఆమెకు ఎనిమిదో ఏటనే పెళ్లి చేశారు. పెద్దదయ్యాక ఆ బంధాన్ని ఆమె కాదనుకుంది. 1921లో గాంధీ కాకినాడ వచ్చినప్పుడు ఆమెకు పన్నెండేళ్లు. ఊరిలోని దేవదాసీలు, ఘోషా పాటించే ముస్లిం స్త్రీలు ఆయన మాట వినాలని ఆమె పట్టుబట్టింది. బహిరంగసభకు వారు రాలేరు, వచ్చినా ఎవరూ పక్కన కూర్చోనివ్వరు. నిర్వాహకులు 5,000 రూపాయల నిధి సమకూరిస్తే గాంధీని తీసుకొస్తామన్నారు. ఆ డబ్బు పోగుచేయడానికి దేవదాసీలే ముందుకు వచ్చారు. సభ జరిగింది, గాంధీ అనుకున్నదానికన్న ఎక్కువసేపే ఉండిపోయాడు, స్త్రీలు ఒంటిమీది నగలు తీసి ఇచ్చారు. ఆ రోజు ఆయన హిందీ ప్రసంగాన్ని తెలుగులో చెప్పింది ఆ పన్నెండేళ్ల అమ్మాయే.

పెద్దలు నడిపే జాతీయోద్యమంలో పసిపిల్ల నోట పెద్దల మాటే పలికిందని ఎవరైనా ఆక్షేపించవచ్చు. ఆమె ఆ రోజు అక్షరాలా మరొకరి మాటనే అనువదించింది కదా అని కూడా అనవచ్చు. ఆక్షేపణ తేలికైనది కాదు. యువకుల ఉద్యమాలన్నిటి మీదా ఇది వస్తూనే ఉంది, కొన్నిటి విషయంలో నిజం కూడా. వెంకటేశం గిరీశానికి ప్రతిధ్వని. అయితే ప్రతిధ్వని ఎప్పుడూ తనకు వినిపించినవారిని ఇబ్బంది పెట్టదు. దుర్గాబాయి కోరిక ఉద్యమనిర్వాహకులను ఇబ్బంది పెట్టింది. వారి కార్యక్రమంలో లేని మనుషులను ఆమె లోపలికి తెచ్చింది. సంఘపవిత్రత పేరుతో చదువుకున్న యువకులు ఏ స్త్రీలకు దూరంగా ఉంటామని ప్రతిజ్ఞ చేశారో, అదే కాకినాడలో ఆ స్త్రీల ఇళ్లకు వెళ్లి వారిని కూడగట్టింది. వారి తరఫున మాట్లాడుతున్నానని చెప్పుకోలేదు, వారే వచ్చి వినే చోటును ఏర్పాటు చేసింది. రాజమండ్రి విద్యార్థులు గౌరమ్మకు చేయలేకపోయింది ఇదే.

సంఘం లేనిదే గొంతు లేదన్న మాటకు వెనకవైపు ఒకటుంది, దాన్ని దాచడం మంచిది కాదు. ద్యూతసభ కూడా ఒక సంఘమే. గుంపుగా లేచినంత మాత్రాన ధర్మం ఆ పక్షాన ఉండదు; వీరేశలింగం ఇంటి మీదికి రావాలని చూసిన మూకలో కూడా యువకులు ఉండే ఉంటారు, వారికి కూడా తమ గొంతు అప్పుడే దొరికినట్టు అనిపించే ఉంటుంది. రెండు గుంపుల ఉత్సాహం ఒకటే కావచ్చు, తేడా చూడవలసింది వేరే చోట. ఒక గుంపు తనకన్న బలహీనుల కోసం తాను నష్టపోవడానికి సిద్ధపడింది, రెండోది బలహీనుల మీద తన బలాన్ని నిలుపుకోవడానికి వచ్చింది. భగవద్గీత మూడో అధ్యాయంలో లోకసంగ్రహం అన్న భావన ఉంది, అంటే లోకం చెదిరిపోకుండా నిలిపే విధంగా కర్మ చేయడం. దాన్ని ఉన్న క్రమాన్ని ఉన్నట్టే కాపాడడమని సంప్రదాయవాదులు తరచుగా చదివారు. కానీ వితంతువులను, అంటరానివారిని, దేవదాసీలను లెక్కలోంచి తీసేసి నిలిపిన లోకం సగం లోకమే అవుతుంది. లోకాన్ని పూర్తిగా కూడగట్టడమే లోకసంగ్రహమైతే, బయట ఉంచినవారిని లోపలికి తెచ్చిన ఈ చిన్నవారు ఆ కర్మే చేశారు.

దుర్గాబాయి తరవాత మద్రాసులో ఆంధ్ర మహిళాసభను నెలకొల్పి, న్యాయవాది అయ్యి, రాజ్యాంగసభలో సభ్యురాలైంది. ఆ సభలో రాజ్యసభ సభ్యత్వానికి కనీస వయసు 35 ఏళ్లుగా ఉండాలన్న ప్రతిపాదన వచ్చినప్పుడు దాన్ని 30కి తగ్గించాలని ఆమె సవరణ ప్రవేశపెట్టి, వివేకం వయసు మీద ఆధారపడదని వాదించింది. అప్పటికి ఆమెకు నలభై ఏళ్లు నిండబోతున్నాయి, ఆ సవరణ వల్ల ఆమెకు సొంతంగా కలిసివచ్చేది ఏమీ లేదు. రాజ్యాంగం ఆ మార్పును అంగీకరించింది. రాజ్యసభకు 30, లోక్‌సభకు 25 అన్న హద్దులు నేటికీ ఉన్నాయి. పన్నెండేళ్ల వయసులో తాను చేసిన పనికి ఏ హద్దు సరిపోతుందన్నది మాత్రం ఆ చట్టం తేల్చగల విషయం కాదు.